టవర్ లేని చోటికి ఫోన్ సిగ్నల్: ఉపగ్రహంతో కవరేజీ తెచ్చుకునే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

“టవర్ అందని చోట ఉపగ్రహంతో ఫోన్ పనిచేయించుకోవచ్చా?” అని అడిగేవాళ్ళు పెరుగుతున్నారు. పనిచేయించుకోవచ్చు. అయితే ఈ ఒక్క ప్రశ్నలో మూడు వేర్వేరు పనులు కలిసిపోయి ఉన్నాయి. అడవిలో నడిచేవాళ్ళకు ఆపదలో ఒక మెసేజ్ వెళ్తే చాలు. మారుమూల ఇంట్లో ఉండేవాళ్ళకు ఇంట్లో ఫోన్ మోగాలి. మూడొందల మంది ఉన్న ఊరికైతే వీధి వీధినా సిగ్నల్ ఉండాలి.

నేను ఎక్కువగా పనిచేసింది ఈ మూడో రకం సైట్ల మీద. డిష్ తిప్పి ఉపగ్రహాన్ని పట్టుకోవడం సగం రోజు పని. ఆ సిగ్నల్‌ను వానలో, రాత్రిళ్ళు, ఏడాది పొడవునా నిలబెట్టడానికే అసలు శ్రమంతా పోతుంది. అందుకే ఇక్కడ డిష్ గురించి కన్నా కరెంటు, కనెక్టర్లు, లెక్కల గురించే ఎక్కువ రాశాను.

## 1. మూడు దారుల్లో మీది ఏదో ముందు తేల్చుకోండి

మొదటి దారి: చేతిలోని ఫోనే నేరుగా ఉపగ్రహంతో మాట్లాడటం. విడిగా ఏ పరికరమూ కొననక్కర్లేదు. ప్రధానంగా మెసేజ్‌లకూ, అత్యవసర సమాచారానికీ పనికొస్తుంది.

రెండో దారి: ఉపగ్రహ ఇంటర్నెట్ డిష్ పెట్టుకుని, దాని వైఫై మీద మామూలు ఫోన్లతో వైఫై కాలింగ్ (మొబైల్ సిగ్నల్‌కు బదులు వైఫై మీదుగా అదే నంబర్‌తో మాట్లాడటం) వాడటం. ఇల్లు, బడి, ఆరోగ్య కేంద్రం, పరిశోధన శిబిరం లాంటి చోట్లకు ఇది చాలు.

మూడో దారి: చిన్న మొబైల్ టవర్ నిలబెట్టి, దాన్ని ఉపగ్రహం మీదుగా ఆపరేటర్ నెట్‌వర్క్‌కు కలపడం. దీన్ని ఉపగ్రహ బ్యాక్‌హాల్ అంటారు. ఊరంతా తిరుగుతూ ఎవరి ఫోన్‌తో వాళ్ళు మాట్లాడుకోవాలంటే ఇదొక్కటే దారి.

నా సలహా ఒకటే. జనం రెండు మూడు భవనాల్లోనే ఉంటారనుకుంటే మూడో దారి జోలికి వెళ్ళకండి. అనుమతులు, కరెంటు, నిర్వహణ అన్నీ పది రెట్లవుతాయి. రెండో దారి వారంలో పూర్తవుతుంది.

సిగ్నల్ బూస్టర్ గురించి కూడా చాలామంది అడుగుతున్నారు. బూస్టర్ ఉన్న సిగ్నల్‌ను పెంచుతుంది, లేని సిగ్నల్‌ను పుట్టించలేదు. పైగా చాలా దేశాల్లో అనుమతి లేని బూస్టర్ పెట్టడం నేరం.

## 2. ఫోన్ నుంచి నేరుగా ఉపగ్రహానికి: బయల్దేరే ముందే చేయాల్సినవి

ఇందులో రెండు రకాలున్నాయి, వాటిని కలిపేసుకోకండి. ఒక రకంలో ఫోన్ తయారీదారే సేవ ఇస్తాడు. ఐఫోన్ 14 నుంచి వచ్చిన మోడళ్ళలో ఉన్న అత్యవసర ఉపగ్రహ సేవ ఇలాంటిదే. స్క్రీన్ మీద చూపించిన వైపు ఫోన్‌ను పట్టుకుని మెసేజ్ పంపాలి. రెండో రకంలో ఉపగ్రహమే ఆకాశంలో టవర్‌లా పనిచేస్తుంది. మీ సిమ్ ఆపరేటర్‌కు ఆ ఉపగ్రహ సంస్థతో ఒప్పందం ఉండాలి. అమెరికాలో టీ-మొబైల్, న్యూజీలాండ్‌లో వన్ ఎన్‌జడ్ స్టార్‌లింక్‌తో కలిసి ఇస్తున్న సేవ ఈ రకం. ఇక్కడ ఫోన్‌ను ఏ వైపూ తిప్పనక్కర్లేదు, పైన ఆకాశం కనిపిస్తే చాలు.

సిగ్నల్ ఉన్న చోట ఉండగానే ఇవి పూర్తి చేయండి:

- [ ] మీరు వెళ్ళే దేశంలో ఆ సేవ ఉందా? కొన్ని దేశాల్లో అనుమతి లేకుండా ఉపగ్రహ ఫోన్ దగ్గరుంచుకోవడమే నేరం. మామూలు ఫోన్‌కూ, విడిగా కొన్న ఉపగ్రహ పరికరానికీ నిబంధనలు వేరు.
- [ ] ఫోన్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశారా?
- [ ] అత్యవసర నంబర్లు, రక్తం గ్రూపు, మందుల వివరాలు ఫోన్‌లో నమోదు చేశారా?
- [ ] మ్యాపులు డౌన్‌లోడ్ చేసుకున్నారా?
- [ ] ఐఫోన్ అయితే సెట్టింగుల్లో ఉన్న డెమో ఒకసారి చేసి చూశారా? ఆపద వేళ మొదటిసారి నేర్చుకుంటే చేతులు వణుకుతాయి.
- [ ] పవర్ బ్యాంక్ ఉందా? చలిలో బ్యాటరీ తొందరగా దిగిపోతుంది.

పంపేటప్పుడు చెట్ల కింది నుంచి బయటికి రండి. ఆకాశం తేటగా కనిపిస్తే ఐఫోన్ మెసేజ్ దాదాపు 15 సెకన్లలో వెళ్తుంది. పలుచని చెట్ల నీడలోనే అది నిమిషం దాటుతుంది. దట్టమైన అడవిలో, లోయల్లో అసలు వెళ్ళకపోవచ్చు. 62 డిగ్రీల అక్షాంశం దాటిన ఉత్తర ప్రాంతాల్లో ఇది పనిచేయకపోవచ్చని ఆపిల్ సంస్థే చెబుతోంది.

మొదటి మెసేజ్‌లోనే నాలుగు సంగతులు ఉండాలి: ఏం జరిగింది, ఎక్కడున్నారు, ఎంతమంది, ఎవరికైనా గాయాలయ్యాయా. ముక్కలు ముక్కలుగా పంపితే ఒక్కో ముక్కకూ విడిగా ఎదురుచూడాలి.

## 3. డిష్, వైఫై కాలింగ్: ఇంటికీ, బడికీ

ముందు మీ ఆపరేటర్ వైఫై కాలింగ్ ఇస్తాడో లేదో కనుక్కోండి. తర్వాత మీ ఫోన్ మోడల్‌కు ఇస్తాడో లేదో కనుక్కోండి. ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలు. డిష్ బిగించాక ఈ సంగతి బయటపడి బాధపడ్డవాళ్ళను చూశాను.

చేసే వరుస ఇది:

1. సిగ్నల్ ఉన్న చోటే ఫోన్‌లో వైఫై కాలింగ్ ఆన్ చేసి, ఒక కాల్ చేసి చూడండి. కొన్ని నెట్‌వర్కుల్లో మొదటి నమోదుకు మొబైల్ సిగ్నల్ కావాలి.
2. అత్యవసర చిరునామా అడిగితే డిష్ ఉండబోయే చోటి చిరునామా ఇవ్వండి.
3. డిష్ పెట్టే చోట ఆకాశం ఎంత తేటగా ఉందో కంపెనీ యాప్‌తో కెమెరా తిప్పి చూడండి. డిష్‌ను బిగించకుండా నేల మీద పెట్టి కనీసం ఒక రోజు నడపండి. ఏ దిక్కున అడ్డు ఉందో యాప్ చూపిస్తుంది.
4. రూటర్‌లో ఫైర్‌వాల్ (అనుమతి లేని డేటాను ఆపే కాపలా) ఉంటే యూడీపీ 500, 4500 పోర్టులను, అంటే డేటా వెళ్ళే ఆ నంబర్ల ద్వారాలను, తెరిచి ఉంచండి. వైఫై కాలింగ్ ఆపరేటర్ దాకా వెళ్ళేది ఈ రెండు దారుల్లోనే.
5. రూటర్‌లో వాయిస్‌కు ప్రాధాన్యం పెట్టండి. లేకపోతే ఒకరు వీడియో చూస్తుంటే ఇంకొకరి మాట తెగిపోతుంది.

ఎక్కువగా వచ్చే ఫిర్యాదు: “వైఫై ఉంది, ఫోన్ మాత్రం మోగదు.” దూరపు టవర్ నుంచి ఒక గీత సిగ్నల్ వచ్చిపోతుంటే ఫోన్ వైఫైని వదిలి దాని వెంట పడుతుంది. ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి, వైఫై మాత్రం ఆన్ చేయండి. చాలా ఫోన్లలో అంతటితో సరిపోతుంది. చాలా ఆపరేటర్లలో ఓటీపీలు కూడా ఈ దారిలోనే వస్తాయి.

## 4. ఊరంతటికీ టవర్: ముందు అనుమతి, తర్వాతే సామాను

ఇక్కడి నుంచి చివరి దాకా అంతా మూడో దారి గురించే.

మొబైల్ తరంగాలు, అంటే స్పెక్ట్రమ్, ఆపరేటర్ సొత్తు. ఊరివాళ్ళు చందాలు వేసుకుని బేస్ స్టేషన్ (టవర్ దగ్గర ఉండి ఫోన్లతో మాట్లాడే రేడియో పరికరం) కొనుక్కున్నా, ఆపరేటర్ లేకుండా దాన్ని ఆన్ చేయకూడదు. అందుకని మొదట ఆపరేటర్‌ను ఒప్పించాలి. స్థలం, కరెంటు, కాపలా మీవి, బేస్ స్టేషన్ వాళ్ళది అనే ఒప్పందమైతే వాళ్ళు వినే అవకాశం ఎక్కువ.

కాగితం మీద ఉండాల్సినవి:

- [ ] ఏ బ్యాండ్ (తరంగాల శ్రేణి), ఎంత పవర్, ఏ ఆపరేటర్ లైసెన్సు కింద
- [ ] ఆ దేశంలో ఉపగ్రహ టెర్మినల్ (డిష్, మోడెమ్) వాడటానికి అనుమతి
- [ ] స్థలం యజమాని సంతకం, అటవీ భూమి అయితే ఆ శాఖ అనుమతి
- [ ] పాడైతే ఎవరు ఎన్ని రోజుల్లో వస్తారు
- [ ] నెలనెలా ఉపగ్రహ బ్యాండ్‌విడ్త్ (లింకు సెకనుకు మోయగల డేటా) ఖర్చు ఎవరిది

చివరి రెండూ రాసుకోని సైట్లు మొదటి ఏడాది దాటడం కష్టం.

## 5. స్థలం చూడటం: రెండు రోజులు పట్టినా తొందరపడకండి

ఎత్తైన చోటు చూడగానే అక్కడే పెడదామనిపిస్తుంది. అది ఎప్పుడూ సరైనది కాదు. జనం ఉన్న చోటికి కొండ అంచు అడ్డం వస్తే శిఖరం మీది టవర్ కన్నా సగం ఎత్తులో ఉన్న వాలు నయం. సామాను మోసుకెళ్ళడం, బ్యాటరీలు మార్చడం కూడా గుర్తుంచుకోండి.

ఎత్తుకు ఒక చిన్న లెక్క ఉంది. యాంటెన్నా ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే రేడియో దిగంతం, అంటే భూమి వంపు అడ్డురాకుండా తరంగం చేరే దూరం, కిలోమీటర్లలో వస్తుంది. 16 మీటర్ల స్తంభానికి 16.5 కి.మీ. అయితే అంత దూరం కవరేజీ వస్తుందని ఎవరికీ మాటివ్వకండి. మామూలు 4జీ ఫోన్ పంపగలిగేది 0.2 వాట్లే. టవర్ మాట ఫోన్‌కు వినబడినా, ఫోన్ మాట టవర్‌కు వినబడాలి కదా. సిగ్నల్ గీతలు నిండుగా ఉండి కూడా కాల్ కలవకపోవడానికి తరచూ ఇదే కారణం.

బ్యాండ్ ఎంచుకునే వీలుంటే 700, 800, 900 మెగాహెర్ట్జ్ లాంటి తక్కువ బ్యాండ్లు అడగండి. ఇవి ఎక్కువ దూరం పోతాయి, చెట్ల గుండా, గోడల గుండా కూడా మెరుగ్గా వెళ్తాయి. అయితే జనం చేతుల్లో ఉన్న ఫోన్లు ఆ బ్యాండ్‌ను పట్టుకుంటాయో లేదో ఓ ఇరవై ఫోన్లు తీసి చూడండి.

ఇక ఆకాశం వైపు. భూస్థిర ఉపగ్రహమైతే ఆకాశంలో ఎప్పుడూ ఒకేచోట కనిపిస్తుంది కాబట్టి ఒక్క దిక్కున తేటగా ఉంటే చాలు. దిగువ కక్ష్య ఉపగ్రహాలైతే కదులుతూ ఉంటాయి కాబట్టి విశాలమైన ఆకాశం కావాలి. దిక్సూచి వాడేటప్పుడు ఇనుప స్తంభానికి దూరంగా నిలబడండి. ఇనుము పక్కన ముల్లు పది డిగ్రీలు తప్పు చూపించినా ఆశ్చర్యం లేదు. అనుమానం వస్తే మధ్యాహ్నం సూర్యుడు ఆ రోజుకు అన్నిటికన్నా ఎత్తుకు వచ్చే సమయంలో నిలువు కర్ర నీడ చూడండి. అది ఉత్తర-దక్షిణ గీత మీదే పడుతుంది.

చెట్లను ఇవాళ్టి ఎత్తుతో లెక్కేయకండి. ఆకులు రాలిన కాలంలో చూసి ఓకే అనుకున్న చోట, చిగుళ్ళు వచ్చి వానకు తడిసేసరికి లింకు పడిపోతుంది. తడి ఆకు పొడి ఆకు కన్నా ఎక్కువగా అడ్డుకుంటుంది.

## 6. ఎంత బ్యాండ్‌విడ్త్ కావాలి?

అంచనాగా కొంటే నెలనెలా ఎక్కువ కట్టాలి, లేదంటే సాయంత్రం కాల్స్ కలవవు. లెక్క ఇలా వేయండి.

మూడొందల మంది ఉన్నారనుకుందాం. రద్దీ గంటలో ఒక్కొక్కరు సగటున 90 సెకన్లు మాట్లాడతారనుకుంటే, 300ను 90తో గుణించి 3600తో భాగిస్తే 7.5 వస్తుంది. అంటే ఏ క్షణంలో చూసినా సగటున ఏడెనిమిది కాల్స్ నడుస్తుంటాయి. అందరూ ఒకేసారి ఫోన్ ఎత్తే సందర్భాలు కూడా ఉంటాయి. వందలో రెండు కాల్స్ మాత్రమే కలవకుండా పోయేలా చూడాలంటే ఎర్లాంగ్ పట్టిక (ఫోన్ రద్దీకి ఎన్ని లైన్లు కావాలో చెప్పే పట్టిక) ప్రకారం 14 కాల్స్‌కు చోటుండాలి.

ఇప్పుడు ఒక్కో కాల్ బరువు. 4జీ మీద వెళ్ళే మాట అసలు బరువు సెకనుకు 12.2 కిలోబిట్లే ఉండొచ్చు. కానీ అది సెకనుకు 50 ప్యాకెట్లుగా వెళ్తుంది, ప్రతి ప్యాకెట్‌కూ చిరునామాల కవరు, దాని పైన నెట్‌వర్క్ కవరు, దాని పైన భద్రతా కవరు ఉంటాయి. అన్నీ కలిపితే 60-70 కిలోబిట్లు అవుతుంది. ఉత్తరం కన్నా కవర్లే బరువు. కాబట్టి 14 కాల్స్‌కు అటూ ఇటూ సెకనుకు చెరో 1 మెగాబిట్ కేవలం మాటలకే కేటాయించాలి.

ఇంటర్నెట్‌కు దీని పైన ఎంత కొంటారో మీ ఖర్చును బట్టి చూసుకోండి. మాటల వాటాను మాత్రం ఎవరూ ముట్టకుండా రిజర్వు చేయండి.

## 7. ఏ కక్ష్య ఉపగ్రహం?

భూస్థిర ఉపగ్రహం 35,786 కి.మీ. ఎత్తులో ఉంటుంది. మాట పైకి వెళ్ళి కిందికి రావడానికే పావు సెకను. స్టార్‌లింక్ లాంటివి దాదాపు 550 కి.మీ. ఎత్తులో, వన్‌వెబ్ 1,200 కి.మీ. ఎత్తులో తిరుగుతాయి కాబట్టి ఆలస్యం పెద్దగా తెలియదు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం సిఫారసు ప్రకారం ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే హాయిగా ఉంటుంది, 400 దాటకూడదు.

ఇక్కడే ఒక పెద్ద చిక్కు ఉంది. ఒకే టవర్ కింద, ఎదురెదురు ఇళ్ళలో ఉన్న ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. వాళ్ళ మాట భూస్థిర ఉపగ్రహం మీదుగా ఎక్కడో ఉన్న ఆపరేటర్ కేంద్రానికి వెళ్ళి, మళ్ళీ ఉపగ్రహం మీదుగా వెనక్కి రావాలి. అంటే అర సెకను. ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం, ఇద్దరూ ఒకేసారి ఆగిపోవడం. ఊళ్ళోవాళ్ళకు ఇది మహా చిరాకు. దీనికి మందు స్థానిక స్విచింగ్: ఊరి కాల్స్ ఊళ్ళోనే తిరిగేలా టవర్ దగ్గరే చిన్న పెట్టె పెట్టడం. భూస్థిర ఉపగ్రహం తీసుకుంటే ఆపరేటర్‌తో ఈ మాట ముందే మాట్లాడండి.

దిగువ కక్ష్య సేవ అనుమతితో దొరికే చోట నేను దాన్నే తీసుకోమంటాను. భూస్థిరానికీ ఒక మేలుంది: బ్యాండ్‌విడ్త్ రాతపూర్వకంగా హామీ ఇస్తారు. జనంతో పంచుకునే దిగువ కక్ష్య ప్లాన్లలో ఆ హామీ ఉండదు కాబట్టి ఒప్పందంలో కనీస వేగం రాయించుకోండి.

## 8. కరెంటు: ఎక్కువ సైట్లు ఇక్కడే ఆగిపోతాయి

బేస్ స్టేషన్‌కు 120 వాట్లు, డిష్‌కూ మోడెమ్‌కూ 70, మిగతా చిల్లర సామానుకు 10 అనుకుందాం. మొత్తం 200 వాట్లు. రోజంతా నడిస్తే 4.8 యూనిట్లు.

బ్యాటరీ: మూడు రోజులు ఎండ లేకపోయినా నడవాలంటే 14.4 యూనిట్లు. బ్యాటరీని 80 శాతానికి మించి వాడకూడదనుకుంటే 18 యూనిట్ల సామర్థ్యం కావాలి.

ప్యానెళ్ళు: ఏడాదిలో అన్నిటికన్నా ఎండ తక్కువగా ఉండే నెలను తీసుకోండి. ఆ నెలలో రోజుకు 4 గంటల పూర్తి ఎండకు సమానమైన వెలుగు వస్తుందనుకుందాం. నష్టాలకు పాతిక శాతం తీసేస్తే 1.6 కిలోవాట్ల ప్యానెళ్ళు రోజువారీ వాడకానికే సరిపోతాయి. ఖాళీ అయిన బ్యాటరీ మళ్ళీ నిండాలంటే ఇంకో సగం కలపండి. 2.4 కిలోవాట్లు. సగటు ఎండతో లెక్కేసి ప్యానెళ్ళు తగ్గించడం అన్నిటికన్నా తరచుగా కనిపించే తప్పు.

- ఇన్వర్టర్ పెట్టి ఏసీగా మార్చి, మళ్ళీ అడాప్టర్‌తో డీసీ చేయకండి. డీసీ మీద నడిచే పరికరాలకు నేరుగా డీసీ ఇవ్వండి. రెండుసార్లు మారిస్తే రెండుసార్లు నష్టం.
- లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలను సున్నా డిగ్రీల కింద చార్జ్ చేస్తే దెబ్బతింటాయి. చలి ప్రాంతమైతే హీటర్ ఉన్నవి తీసుకోండి, లేదా భూమిలో పెట్టెలో ఉంచండి.
- బ్యాటరీ దిగిపోతున్నప్పుడు ఏది ముందు ఆగాలో నిర్ణయించండి. ముందు ఇంటర్నెట్ వేగం, తర్వాత బేస్ స్టేషన్, అన్నిటికన్నా చివర మోడెమ్, కంట్రోలర్ (బ్యాటరీ చార్జింగ్‌ను అదుపు చేసే పరికరం). మోడెమ్ బతికి ఉంటే దూరం నుంచి సంగతి తెలుస్తుంది. అది పోతే మనిషిని పంపాల్సిందే.
- డిష్ స్తంభం, టవర్, పరికరాల పెట్టె, అన్నిటి ఎర్తింగ్‌నూ ఒకదానితో ఒకటి కలపండి. వేర్వేరుగా ఉంటే పిడుగు పడినప్పుడు ఆ తేడా వోల్టేజీ పరికరాల గుండానే పోతుంది.

## 9. బిగించే వరుస

వరుస తప్పితే చేసిన పని మళ్ళీ చేయాల్సి వస్తుంది.

1. పునాది, స్తంభం, ఎర్తింగ్. స్తంభం నిలువుగా ఉందో లేదో రెండు దిక్కుల నుంచీ లెవెల్ పెట్టి చూడండి. కాంక్రీట్ గట్టిపడక ముందు డిష్ ఎక్కించకండి.
2. ప్యానెళ్ళు, బ్యాటరీ, కంట్రోలర్. ఒక రాత్రంతా బల్బులతో లోడ్ పెట్టి నడిపి చూడండి.
3. డిష్, మోడెమ్.
4. లింకు ఒక రోజు నిలబడ్డాక బేస్ స్టేషన్.
5. మొబైల్ యాంటెన్నాలు, జీపీఎస్ యాంటెన్నా.

భూస్థిర డిష్‌ను సరిగ్గా తిప్పడం ఓపిక పని. ఉపగ్రహ డిష్‌లు ఎక్కువగా వాడే కేయూ-బ్యాండ్‌లో 1.2 మీటర్ల డిష్ చూపు వెడల్పు దాదాపు ఒకటిన్నర డిగ్రీలే. ఒక్క డిగ్రీ తప్పితే ఉపగ్రహం దగ్గర 600 కి.మీ. పైచిలుకు పక్కకు పోయినట్టు. ముందు ఎత్తు కోణం పెట్టి, తర్వాత నెమ్మదిగా పక్కకు తిప్పండి. సిగ్నల్ దొరికాక అటూ ఇటూ తిప్పి, రెండు వైపులా సమానంగా తగ్గే చోటుకు నడిమధ్యన ఆపండి. బోల్టులు బిగిస్తుంటే కోణం జరుగుతుంది కాబట్టి మీటర్ చూస్తూ, ఒక్కో బోల్టునూ కొద్దికొద్దిగా బిగించండి.

ఆ తర్వాత ఉపగ్రహ సంస్థ కంట్రోల్ రూమ్‌తో మాట్లాడుతూ పోలరైజేషన్ పరీక్ష (తరంగం ఊగే దిశ సరిగ్గా కుదిరిందో చూడటం) చేయాలి. ఇది పాస్ కాకుండా ప్రసారం మొదలుపెడితే పక్కవాళ్ళ సిగ్నల్‌కు అడ్డం పడతారు. మీరున్నది సిగ్నల్ లేని చోటన్నది మరిచిపోకండి! వాళ్ళతో మాట్లాడటానికి అనుమతి ఉన్న ఉపగ్రహ ఫోన్ ఒకటి వెంట తీసుకెళ్ళండి.

కనెక్టర్ల మీద ఎక్కువ సమయం పెట్టండి. ఒక సైట్‌లో వాన వచ్చిన రెండో రోజల్లా లింకు బలహీనపడేది, ఎండ వస్తే కోలుకునేది. అందరం మేఘాలనే అనుకున్నాం. చివరికి డిష్ దగ్గర కనెక్టర్ విప్పితే ఒక నీటి చుక్క జారి నా బొటనవేలి మీద పడింది. లోపల మధ్య తీగకు పచ్చగా చిలుము పట్టి ఉంది. కేబుల్ పై నుంచి నేరుగా కనెక్టర్‌లోకి దిగింది, నీళ్ళు దాని వెంటే దిగాయి. కేబుల్‌ను కనెక్టర్ కన్నా కిందికి ఒక వంపు తిప్పి పైకి తెస్తే నీళ్ళు ఆ వంపు దగ్గరే రాలిపోతాయి. పైన స్వయంగా అతుక్కునే రబ్బరు టేపు కింది నుంచి పైకి చుట్టండి, ఆపైన ఎండకు ఆగే టేపు చుట్టండి.

## 10. కంటికి కనిపించని మూడు సెట్టింగులు

గడియారం. బేస్ స్టేషన్ ఫ్రీక్వెన్సీ చాలా కచ్చితంగా ఉండాలి. పెద్ద టవర్లకు అనుమతించే తేడా వంద కోట్లలో 50 భాగాలు మాత్రమే. కేబుల్ నెట్‌వర్కుల్లో సమయాన్ని లింకు మీదుగానే పంపుతారు. ఉపగ్రహ లింకులో ఆలస్యం మారుతూ ఉంటుంది కాబట్టి ఆ పద్ధతిని నమ్ముకోకండి. టవర్ మీద సొంత జీపీఎస్ యాంటెన్నా పెట్టండి.

ప్యాకెట్ సైజు. మెసేజ్‌లు వెళ్తాయి, పింగ్ (లింకు ఉందో లేదో చూసే చిన్న పరీక్ష) పనిచేస్తుంది, వెబ్ పేజీలు మాత్రం తెరుచుకోకుండా తిరుగుతూనే ఉంటాయి. ఈ మూడు లక్షణాలూ కలిసి కనిపిస్తే ముందు ఎంటీయూను, అంటే ప్యాకెట్ గరిష్ఠ సైజును, అనుమానించండి. మామూలు 1500 బైట్ల ప్యాకెట్‌కు భద్రతా కవర్లు తగిలితే లింకులో పట్టదు. ఫోన్లకు ఇచ్చే ఎంటీయూను 1358 బైట్లకు తగ్గించమని ఆపరేటర్‌ను అడగండి.

ప్రాధాన్యం, వేగం. వాయిస్ ప్యాకెట్ల మీద ఉన్న ప్రాధాన్య ముద్ర కవరు లోపల దాగిపోతే మోడెమ్‌కు కనిపించదు. ఆ ముద్రను బయటి కవరు మీద కూడా వేయించాలి. భూస్థిర మోడెమ్‌లో ఉండే వేగం పెంచే సదుపాయానిదీ (యాక్సిలరేటర్) ఇదే కథ: భద్రతా కవరు లోపలున్నదాన్ని అది చూడలేదు. 600 మిల్లీసెకన్ల రానూపోనూ ఆలస్యంలో, 64 కిలోబైట్ల విండోతో (అందినట్టు జవాబు రాకముందే పంపగల డేటా) నడిచే డౌన్‌లోడ్ మీరు ఎంత బ్యాండ్‌విడ్త్ కొన్నా సెకనుకు 0.9 మెగాబిట్‌ను దాటదు. యాక్సిలరేటర్ కవరు కట్టక ముందే ఉండాలి.

## 11. ప్రారంభించే ముందు పరీక్షలు

- [ ] ఒకే టవర్ కింద రెండు ఫోన్ల మధ్య కాల్
- [ ] బయటి నంబర్‌కు, బయటి నంబర్ నుంచి, పది నిమిషాల చొప్పున కాల్
- [ ] ఓటీపీ మెసేజ్ వచ్చిన సమయం
- [ ] అత్యవసర నంబర్‌కు కాల్, సరైన కేంద్రానికి వెళ్తోందా? ముందుగా ఆ కేంద్రానికి చెప్పి మాత్రమే చేయండి
- [ ] పాత చౌక ఫోన్ ఒకటి, కొత్త ఫోన్ ఒకటి పట్టుకుని ఊరి చివరిదాకా నడక; కాల్ తెగిన ప్రతిచోటా మ్యాప్ మీద గుర్తు
- [ ] ఇళ్ళ లోపల, వంటగదుల్లో సిగ్నల్
- [ ] మెయిన్ స్విచ్ ఆపి మళ్ళీ వేస్తే ఎవరూ ముట్టకుండా అంతా తనంతట తానే లేచిందా? ఎన్ని నిమిషాల్లో?

చివరి పరీక్ష తప్పకుండా మూడుసార్లు చేయండి. మనిషి లేని చోట తనంతట లేవని పరికరం ఉన్నా లేనట్టే.

## 12. తరచూ వచ్చే లోపాలు, సరిదిద్దే తీరు

గట్టి వానలో లింకు పోతోంది. కేయూ, అంతకన్నా ఎక్కువ ఫ్రీక్వెన్సీ ఉన్న కేఏ బ్యాండ్లకు ఇది సహజం. వేగాన్ని తానే తగ్గించుకునే మోడెమ్ సెట్టింగ్ ఆన్‌లో ఉందా చూడండి. వాన వెలిసిన గంట తర్వాత కూడా కోలుకోకపోతే అది వాన తప్పు కాదు, కనెక్టర్.

రోజూ ఒకే సమయానికి కొన్ని నిమిషాలు పోతోంది. ఒక కొండవాలు సైట్‌లో దీనికోసం విద్యుత్ సరఫరా పెట్టె, మోడెమ్ మార్చి చూశాం. నాలుగో రోజు లింకు పోయిన నిమిషంలో డిష్ ముందే నిలబడి చూశాను. పళ్ళెం మీద పడ్డ ఎండంతా ఒక్కచోటికి చేరి ఎల్ఎన్‌బీ (డిష్ ముందు సిగ్నల్ అందుకునే పరికరం) మొహం ధగధగా మెరుస్తోంది. సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వచ్చాడు. భూస్థిర ఉపగ్రహాలకు మార్చి, సెప్టెంబరు-అక్టోబరు ప్రాంతాల్లో కొన్ని రోజుల పాటు ఇలా జరుగుతుంది. మరమ్మతు ఏమీ లేదు. తేదీలు, సమయాలు ఉపగ్రహ సంస్థే ముందుగా ఇస్తుంది, వాటిని ఊళ్ళో చెప్పి ఉంచండి.

గీతలు నిండుగా ఉన్నాయి, కాల్ కలవదు. మూడు చోట్ల చూడండి: ఫోన్ నుంచి టవర్‌కు వెళ్ళే సిగ్నల్ బలహీనమా, 14 కాల్స్ చోటు నిండిపోయిందా, ఉపగ్రహ లింకు తెగినా టవర్ ఇంకా ప్రసారం చేస్తోందా. మూడోదైతే లింకు పోయినప్పుడు టవర్ ప్రసారం కూడా ఆగేలా సెట్ చేయించండి. స్థానిక స్విచింగ్ ఉంటే మాత్రం ఆపకండి, ఊళ్ళో కాల్స్ నడుస్తాయి.

తెల్లవారుజామున ఆగి, పొద్దెక్కాక వస్తోంది. బ్యాటరీ. ప్యానెళ్ళ మీద దుమ్ము, నీడ, వదులైన కేబుల్ చూసిన తర్వాతే కొత్త బ్యాటరీ అడగండి.

## 13. మొదటి మూడు నెలలు

ఊళ్ళో ఇద్దరికి శిక్షణ ఇవ్వండి. ఒక్కరికే ఇస్తే ఆ ఒక్కరూ ఊళ్ళో లేని రోజే పాడవుతుంది. వాళ్ళు చేయాల్సినవి పెట్టె తలుపు లోపలి వైపు వాళ్ళ భాషలో అతికించండి:

- వారానికోసారి ప్యానెళ్ళు తుడవడం, బ్యాటరీ రీడింగ్ పుస్తకంలో రాయడం
- నెలకోసారి బోల్టులు, టేపు చుట్లు, ఎర్తింగ్ తీగ చూడటం
- గాలివాన తర్వాత డిష్ కదిలిందేమో చూడటం (బిగించిన రోజే స్తంభం మీద, డిష్ పట్టీ మీద కలిపి ఒక పెయింట్ గీత గీయండి, గీత విరిగితే డిష్ కదిలినట్టే)
- ఏ పరికరం మీద ఏ రంగు లైటు ఉందో ఫోటో తీసి పంపడం

పెట్టెలో ఉంచాల్సిన విడి సామాను: రెండు కనెక్టర్ల సెట్లు, రబ్బరు టేపు, ఫ్యూజులు, మోడెమ్ పవర్ సరఫరా, వీలైతే ముందే సెట్టింగులు వేసిన మోడెమ్ ఒకటి. పెట్టె తాళం చెవి ఒకటి ఊళ్ళో ఉండాలి, ఇంకొకటి ఆపరేటర్ దగ్గర. లింకు పోయినప్పుడు ఊరివాళ్ళు ఎవరికి, ఏ పద్ధతిలో కబురు పంపాలో కూడా ఆ కాగితం మీదే రాయండి. ఆ సమయంలో వాళ్ళ దగ్గర ఫోన్ పనిచేయదు.